అక్క క్యాసెట్లు: 49 గంటల 30 నిమిషాలు

జనవరి 7న అక్క ఇల్లు మారుతూ నాకు ఫోన్ చేసింది. అటక మీద తన పాత క్యాసెట్ల పెట్టె బయటపడిందనీ, వినడానికి ఇంట్లో యంత్రమేదీ లేదనీ, నాకు అక్కర్లేకపోతే పారేస్తాననీ చెప్పింది. "పారెయ్యకు అక్కా, నేను వస్తున్నాను" అని ఆ సాయంత్రమే వెళ్లి పెట్టె తెచ్చుకున్నాను. అందులో మొత్తం 41 క్యాసెట్లు ఉన్నాయి: గంట నిడివి గలవి 26, గంటన్నరవి 13, రెండు గంటలవి 2. అన్నీ కలిపితే 49 గంటల 30 నిమిషాలు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి అక్క చేతిలో పెట్టడానికి నాకు నాలుగు నెలలకు పైగా పట్టింది. ఇలాంటి పెట్టె ఎవరి అటక మీదనైనా ఉండవచ్చు కనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ క్యాసెట్లలో ఉన్నవి ఉత్త పాటలు కావు. 1988 నుంచి 1991 వరకు, అంటే తనకు పదిహేడేళ్లు వచ్చినప్పటి నుంచి ఇరవై నిండే దాకా, అక్క రేడియో ముందు టేప్‌రికార్డరు పెట్టుకుని నచ్చిన పాటను ఎక్కించుకునేది. పాట అయిపోగానే రికార్డరును ఆపకుండా మైకు దగ్గరికి వంగి, ఆ రోజు మనసులో ఏముంటే అది నాలుగు మాటల్లో చెప్పుకునేది. నేను అప్పుడు మూడో తరగతిలో ఉన్నాను. మూసిన తలుపు వెనక నుంచి పాటలు వినిపించేవి కానీ మాటలు వినిపించేవి కావు. ఇన్నేళ్లూ నాకు ఆ పాటలే గుర్తున్నాయి, వాటి కోసమే పెట్టె తెచ్చుకున్నాను.

జనవరి 9న ఇంట్లో మిగిలి ఉన్న పాత టేప్‌రికార్డరులో చేతికందిన క్యాసెట్టును వేశాను. అరనిమిషం పాట మోగింది, తర్వాత గొంతు ముద్దగా మారి ఆగిపోయింది. మూత తెరిచేసరికి టేపు రబ్బరు చక్రానికి చుట్టుకుపోయి ఉంది. కారణం తర్వాత తెలిసింది. యంత్రం లోపల టేపును ముందుకు నెట్టే ఇరుసు వేరు, నెట్టిన టేపును చుట్టుకునే రీలు వేరు. రీలును తిప్పే బెల్టు సాగిపోతే ఇరుసు టేపును నెడుతూనే ఉంటుంది కానీ దాన్ని అందుకునే రీలు తిరగదు, అప్పుడు టేపు పోవడానికి చోటు లేక దగ్గరలో ఉన్న చక్రానికి చుట్టుకుంటుంది. దాన్ని విడదీయడానికి నాకు గంట పట్టింది. జానెడు పొడవున నలిగిపోయిన టేపును వేలితో సాపు చేస్తున్నప్పుడు ఏడుపు ఆపుకోలేకపోయాను, ఎందుకంటే ఆ జానెడులో పాట ఉందో అక్క మాట ఉందో కూడా నాకు తెలియదు. టేపు సెకనుకు సుమారు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది కాబట్టి నేను నలిపినది నాలుగైదు సెకన్లు. నా మాట విని ఏ క్యాసెట్టునూ పాత యంత్రంలో నేరుగా వేయకండి. ముందు పోయినా బాధ లేని క్యాసెట్టు ఒకటి వేసి, రెండు వైపులా పూర్తిగా నడిపి చూడండి.

ఆ తర్వాత అప్పటికే ఒకరు వాడిన డెక్కు, అంటే క్యాసెట్లను మోగించే యంత్రం, ఒకటి కొన్నాను. అది జనవరి 27న వచ్చింది. బాగా పనిచేస్తోందని అమ్మినవారు చెప్పారు, కానీ మీట నొక్కితే మోటారు చప్పుడే తప్ప ఏదీ కదలలేదు. విప్పి చూస్తే లోపలి బెల్టు కరిగి తారులా అంటుకుపోయి ఉంది. జనవరి 30న మరమ్మతుకు ఇచ్చాను. వారం అన్నారు, బెల్టు సరిపోయే కొలతలో దొరకలేదని మరో వారం అన్నారు, బెల్టు వచ్చాక రబ్బరు చక్రం కూడా గట్టిపడిపోయిందని ఇంకొంత గడువు అడిగారు. మొత్తం 23 రోజులకు, ఫిబ్రవరి 22న డెక్కు చేతికి వచ్చింది. డెక్కుకు పెట్టినదానికి రెండింతలు దాన్ని బాగుచేయించడానికి అయింది. ఇది ముందే తెలిసి ఉంటే బాగుచేసి అమ్మేవారి దగ్గరే కొని ఉండేదాన్ని, ఆ 23 రోజులూ మిగిలేవి.

అయితే ఆ ఎదురుచూపు వృథా పోలేదు. ప్రతి క్యాసెట్టుకూ అంకె వేసి, డబ్బా మీద అక్క చేతిరాతను ఫోటో తీసుకున్నాను. కొన్నింటి మీద సిరా వెలిసి నీడలా మిగిలింది, అయినా కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే పెన్ను ఒత్తిన గీతలను బట్టి చదవగలిగాను. క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి, వాటిని విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు కాదు. పొరపాటున రికార్డు మీట మీద చేయి పడినా నష్టం లేకుండా 41 క్యాసెట్లకూ రెండేసి చొప్పున విరిచాను. నాలుగింటిలో టేపును హెడ్డుకు, అంటే యంత్రంలో టేపును చదివే భాగానికి, ఒత్తిపట్టే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోయి ఉంది. జిగురు ఎండిపోతే అది రాలిపోతుంది, అది లేకపోతే ధ్వని వస్తూ పోతూ ఉంటుంది. మరలు ఉన్న క్యాసెట్లను విప్పి వేరే ఖాళీ క్యాసెట్టులోని ముక్కను అమర్చాను. మరలు లేకుండా అతికేసిన ఒక క్యాసెట్టును అంచు వెంట జాగ్రత్తగా చీల్చి, రెండు రీళ్లనూ మరో డొల్లలోకి మార్చాల్సి వచ్చింది. ఆ పని చేసేటప్పుడు ఫ్యాను ఆపేయాలి, ఊపిరి కూడా మెల్లగా తీసుకోవాలి. చుట్టు వదులైతే మళ్లీ పెన్సిలుతో తిప్పుకుంటూ కూర్చోవడమే.

ఆ రోజుల్లోనే ఇంకొక సంగతి నన్ను పట్టుకుంది. క్యాసెట్టును ఎక్కించడమంటే అది మోగినంతసేపూ మోగనివ్వడమే, వేరే దారి లేదు. అంటే నేను పాటలతో పాటు అక్క మాటలన్నీ వినాల్సి వస్తుంది. అవి తను తలుపు మూసుకుని చెప్పుకున్నవి. అడగకుండా వినడం తప్పనిపించి ఫిబ్రవరి 11న ఫోన్ చేశాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఏం చెప్పానో నాకే గుర్తులేదే. నువ్వైతే విను, ఇంకెవరికీ వినిపించకు. అంతా అయ్యాక నాకివ్వు, వద్దన్నవి తీసేద్దువుగాని" అంది. ఆ షరతులను కాగితం మీద రాసి పెట్టె మూత లోపల అంటించుకున్నాను. ఇతరుల గొంతులున్న క్యాసెట్లు మీ దగ్గర ఉంటే మీట నొక్కే ముందే ఈ మాట మాట్లాడుకోవడం మంచిది.

ఫిబ్రవరి 24న చేసిన మొదటి ప్రయత్నం పనికిరాలేదు. డెక్కు తీగను ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో పెట్టాను. మైకు నుంచి వచ్చే అతి చిన్న సంకేతానికి తగ్గట్టు చేసిన దారిలోకి డెక్కు పంపే పెద్ద సంకేతం వచ్చి పడటంతో పాట పగిలిపోయింది. అంత పెద్ద సంకేతాన్ని అందుకునే దారి (లైన్ ఇన్‌పుట్) ఉన్న యూఎస్‌బీ ఆడియో పెట్టె ఒకటి తెప్పించుకోవడానికి మరో తొమ్మిది రోజులు ఆగాను. మార్చి 4న అది వచ్చింది, మార్చి 5న ధ్వని స్వచ్ఛంగా వచ్చింది కానీ వెనక సన్నని గుమ్మనే మోత వినిపించింది. రెండు గంటలు తీగలు మార్చి మార్చి చూసి, చివరికి ల్యాప్‌టాప్ చార్జరును తీసేస్తే ఆ మోత చటుక్కున ఆగింది. అప్పటి నుంచి ప్రతి వైపునూ బ్యాటరీ మీదే ఎక్కించాను. సాఫ్ట్‌వేరుకు డబ్బు పెట్టనక్కర్లేదు, ఉచితంగా దొరికే ఆడాసిటీ సరిపోయింది. 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48 వేల కొలతలు), ఒక్కో కొలతకు 24 బిట్లు పెట్టి, అతి పెద్ద ధ్వని కూడా మైనస్ 6 డెసిబెళ్లు, అంటే ధ్వని పగిలే హద్దుకు కొంత కింద, దాటకుండా చూసుకున్నాను. ఆ లెక్కన స్టీరియోలో గంటకు ఒక గిగాబైటు పైచిలుకు అవుతుంది.

వారంలో ఆరు క్యాసెట్లు పూర్తయ్యాయి. పని సాగుతున్నందుకు సంతోషంగానే ఉన్నా, అక్క గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు ఉందన్న బాధ లోపల ఉండిపోయింది. వయసు మీద పడిన టేపు అంతేనని సరిపెట్టుకున్నాను. మార్చి 12న ఆరో క్యాసెట్టులో అక్క "సాయంత్రం శాంతిగా ఉంది" అన్న మాట విన్నప్పుడు, ఆ "స"కూ "శ"కూ తేడా లేదని గమనించాను. అక్క ఉచ్చారణ అలా ఉండేది కాదు. "శ"ను "స"గా పలికితే నన్ను ఆపి మళ్లీ పలికించేది. అంటే పోయింది టేపులో కాదు, నేను వింటున్న తీరులో.

అక్కడి నుంచి వెతికితే రెండు తప్పులు దొరికాయి. మొదటిది తేలికైనది. డెక్కులో టేపు మోతను తగ్గించే డాల్బీ మీట వేసి ఉంది. డాల్బీతో రికార్డు చేయని టేపును ఆ మీట వేసి వింటే పై స్థాయి ధ్వనులు అణిగిపోతాయి. రెండోది హెడ్డు వంపు. హెడ్డులోని సన్నని చీలిక టేపు నడిచే దిశకు సరిగ్గా నిలువుగా ఉండాలి. అక్క రికార్డరు హెడ్డు కొద్దిగా వంగి ఉండి ఉంటుంది. ఆ వంపుతో రాసిన టేపును నిటారుగా ఉన్న హెడ్డుతో చదివితే పదునైన శబ్దాలన్నీ మసకబారుతాయి. హెడ్డు పక్కన ఉండే చిన్న మరను తిప్పి ఆ వంపును కలపవచ్చని తెలుసుకున్నాను. అంత చిన్న మర మీద స్క్రూడ్రైవరు పెట్టేటప్పుడు చేయి వణికింది. అక్క రికార్డరు మోనో, అంటే రెండు చానెళ్లలోనూ ఒకే ధ్వని ఉంటుంది కాబట్టి కుడి ఎడమ చానెళ్లు రెండింటినీ కలిపి ఒకటిగా వింటూ తిప్పాను, వంపు కుదిరిన చోట కలిపిన ధ్వని ఉన్నట్టుండి తేటపడుతుంది. మర పావు చుట్టు కూడా తిరగలేదు, "శాంతి" అన్న మాట అక్క పలికినట్టే పలికింది. ఆ వెంటనే గదిలో గడియారం చప్పుడు వినిపించింది, కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. నేను మీట ఆపేసి చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. ముప్పై ఏళ్లకు పైగా ఆ గది ఆ టేపులోనే ఉంది.

ఆ ఆరు క్యాసెట్లనూ మళ్లీ మొదటి నుంచి ఎక్కించాను. వారం పోయిందని బాధపడలేదు. అప్పటి నుంచి ప్రతి వైపు మొదట్లో ఏదో ఒక "స", ఏదో ఒక "శ" వెతికి, మర సరిచూసుకుని, ఆ తర్వాతే రికార్డు మొదలుపెట్టాను. పాటల్లో ఇది అంత సులువుగా పట్టుబడదు, మాట ఉన్న చోట పట్టుబడుతుంది.

తర్వాతి చిక్కు వేగం. కొన్ని క్యాసెట్లలో అక్క గొంతు మరీ చిన్నపిల్ల గొంతులా సన్నగా ఉంది. నా జ్ఞాపకంలో అది అలా లేదు, కానీ జ్ఞాపకాన్ని కొలబద్దగా పెట్టుకోలేను. మన కరెంటుది 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 కంపనాలు; దాని మీద నడిచిన రికార్డరు టేపు మీద సన్నని 50 హెర్ట్జ్ మోతను కూడా రాస్తుంది. ఏ కంపనం ఎంత బలంగా ఉందో చూపే ధ్వని వర్ణపటాన్ని తెరిచి చూస్తే ఆ మోత 51.5 దగ్గర నిలిచి ఉంది. అంటే ఆ రికార్డరు మెల్లగా తిరుగుతూ రాసిన దాన్ని నా డెక్కు సరైన వేగంతో నడిపితే ఇక్కడ మూడు శాతం వేగంగా వినిపిస్తోంది. మూడు శాతమంటే హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య ఉండే తేడాలో దాదాపు సగం శ్రుతి పెరగడం. అసలు ఫైలును అలాగే ఉంచి, వినడానికి చేసిన ప్రతిలో ఆ మేరకు తగ్గించాను. పాట గంభీరంగా మారింది, అక్క పెద్దదైంది. బ్యాటరీల మీద రికార్డు చేసినవి ఇంకా చిత్రమైనవి. బ్యాటరీ బలహీనపడే కొద్దీ రికార్డరు నెమ్మదిస్తుంది, అందువల్ల ఇప్పుడు వింటే పాట సాగే కొద్దీ శ్రుతి మెల్లమెల్లగా పైకి ఎక్కుతుంది. అలాంటివి ఐదు వైపులు ఉన్నాయి. వాటిని ముక్కలు ముక్కలుగా సరిచేయబోయి రెండు సాయంత్రాల తర్వాత మానుకున్నాను. పోయే బ్యాటరీతో పాట చివరి దాకా దొరకాలని అక్క పడిన తొందర అందులో వినిపిస్తోంది, దాన్ని తుడిచేయడానికి మనసు ఒప్పలేదు.

మార్చి 13 నుంచి ఏప్రిల్ 28 దాకా రోజుకు సుమారు గంట చొప్పున సాగింది. ప్రతి క్యాసెట్టు ముందు హెడ్డునూ ఇరుసునూ రబ్బరు చక్రాన్నీ దూది పుల్లతో తుడిచాను. హెడ్డుకూ ఇరుసుకూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాను, రబ్బరుకు మాత్రం ఉత్త తడి గుడ్డ. దూదికి అంటే గోధుమరంగు పొడి టేపు నుంచి రాలిన పూత. అది చూసినప్పుడల్లా ఈ పని మరో పదేళ్లు వాయిదా పడి ఉంటే ఏమయ్యేదోనని గుండె ఝల్లుమనేది.

అక్క చెప్పుకున్నవి పెద్ద విషయాలేమీ కావు, ఇక్కడ రాయడానికి తను ఒప్పుకున్నవే రాస్తున్నాను. ఒక పాట తర్వాత, అందులోని భాష తనకు రాదనీ, అయినా రెండో చరణం దగ్గర ఎవరో తన పేరు పెట్టి పిలిచినట్టు ఉంటుందనీ అంటుంది. ఒక వయోలిన్ అయ్యాక, "దీని తర్వాత మాట్లాడకూడదు" అని మాత్రమే అని, నిమిషం సేపు ఊరకుంటుంది. ఒకసారి వాన మొదలవుతుంది, పాట మధ్యలో కిటికీ మూసిన చప్పుడు, తర్వాత "క్షమించు, పాటా" అన్న మాట. పరీక్ష తప్పుతానేమోనన్న భయం మూడు క్యాసెట్ల పొడవునా ఉంది, ఫలితం వచ్చిన రోజు మాత్రం ఎక్కడా లేదు. 23వ క్యాసెట్టులో తలుపు తట్టిన చప్పుడూ, "అక్కా, నన్నూ రానీ" అన్న పిల్ల గొంతూ వినిపించాయి. అది నాదేనని తెలియడానికి నాకు రెండు సెకన్లు పట్టింది. అక్క లేచి వెళ్లిన అడుగుల చప్పుడు ఉంది, తలుపు తీసిన చప్పుడు ఉంది, ఆ తర్వాతి పాటను మేమిద్దరం కలిసి విన్నాం. నాకు అది అసలు గుర్తులేదు. తలుపు ఎప్పుడూ మూసే ఉండేదని ఇన్నేళ్లూ అనుకున్నాను.

రెండు గంటల క్యాసెట్లలో టేపు చాలా పలచన. రీలులో ఒక చుట్టు అయస్కాంతం పక్క చుట్టు మీదికి కొంచెం అంటుకుంటుంది, అందువల్ల అక్క మాట్లాడటానికి రెండు సెకన్ల ముందే, నిశ్శబ్దంలో, అదే మాట చాలా దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది. దెయ్యం అనుకునేంతగా ఉలిక్కిపడ్డాను. అది లోపమే, పోగొట్టడం దాదాపు అసాధ్యం. 17వ క్యాసెట్టు రెండో వైపున అక్క తన పాత మాటల మీదనే పాటలు ఎక్కించింది. చివరి పాట ఆగిన చోట, కింద మిగిలిపోయిన పాత రికార్డు నలభై సెకన్లు బయటపడింది. వాక్యం సగం నుంచి మొదలవుతుంది: "అని అన్నాను, కానీ అలా అనాలనుకోలేదు." ఎవరితో అన్నదో అక్కకూ తెలియదు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం బుసబుసమనే టేపు మోతను తీసేయాలని కూర్చున్నాను. సాఫ్ట్‌వేరుకు ఖాళీ చోటు చూపిస్తే అది మోతను నేర్చుకుని మొత్తం నుంచి తీసేస్తుంది. మోత పోయింది, దానితో పాటు మాట ముందు అక్క తీసుకునే ఊపిరి కూడా పోయింది. గొంతు నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు అయింది. ఆ ఫైలును చెరిపేశాను. చివరికి వినే ప్రతిలో వేగం సరిచేయడం, కరెంటు మోతను సన్నగా తగ్గించడం తప్ప మరేమీ చేయలేదు. పాటల మధ్య ఖాళీలను కూడా కత్తిరించలేదు.

ఏప్రిల్ 28న చివరి క్యాసెట్టు పూర్తయ్యింది. ఫైళ్లకు క్యాసెట్టు అంకె, వైపు, అక్క చేతిరాతలో ఉన్న పేరు పెట్టడానికి మరో రెండు వారాలు పట్టింది. ఎక్కించేటప్పుడే పెట్టి ఉంటే మూడు రోజుల పని. అంతా కలిపి 51 గిగాబైట్లు పైచిలుకు వచ్చింది, నాణ్యత తగ్గకుండా ఫైలును చిన్నది చేసే ఫ్లాక్ రూపంలోకి మార్చి మూడు ప్రతులు చేశాను. ఒకటి నా దగ్గర, ఒకటి వేరే డిస్కులో, ఒకటి అక్క ఇంట్లో.

మే 19న అక్క ఇంటికి వెళ్లాను. మొదటి రెండు రోజులు తను ఒక్కతే వింది, నేను ఇంకో గదిలో ఉన్నాను. తలుపు మూసి ఉంది. మూడో రోజు పొద్దున రెండు చోట్ల తీసేయమంది, కలిపి ఆరు నిమిషాలు. మూడు ప్రతుల్లోనూ తన ఎదురుగానే తీసేశాను, టేపు మీది భాగాన్ని తనే రికార్డరుతో చెరిపింది. విరిచిన పలకల చోట అట్టముక్క కుక్కితే మళ్లీ రికార్డవుతుందని అప్పుడు చూపించాను. నేను ఉంచుతుందనుకున్న దాన్ని తీసేయమంది, తీసేయమంటుందనుకున్న పరీక్షల భయాన్ని మొత్తం ఉంచమంది.

41వ క్యాసెట్టు రెండో వైపున ఒక పాట అయ్యాక అక్క "మిగతాది రేపు చెప్తాను" అంటుంది. ఆ తర్వాత పదకొండు నిమిషాలు ఖాళీ టేపు, దాన్ని కూడా చివరి దాకా ఎక్కించాను. ఏం చెప్పాలనుకున్నావని అడిగాను. అక్క ఆ పాటను మళ్లీ పెట్టమంది, అయ్యాక తన మాట విన్నది, ఖాళీ మొదలయ్యాక కూడా ఆపమనలేదు. పదకొండు నిమిషాలూ ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఆ బుసబుసను విన్నాం. "గుర్తు రావడం లేదే" అంది చివరికి. "ఈ చివరి ముక్కను మాత్రం కొయ్యకు."